నలభై ఒక్క సంతకాలూ, ఒక మైసూరుపాకూ

2006వ సంవత్సరం. తిరుపతి గాంధీరోడ్డులో ఒక మిఠాయి అంగడి మీద నా ఆఫీసు. పైకి రావాలంటే నూట ఎనిమిది మెట్లు. కొండకు నడిచి వెళ్ళే భక్తులు కూడా మా మెట్ల దగ్గరికొచ్చి ఒక నమస్కారం పెట్టి తప్పుకునేవాళ్ళు. పైకి చేరినవాడికి ముందు మంచినీళ్ళు, తరువాత కుర్చీ, ఆ తరువాతే షేర్ల మాట.

నా వృత్తి సబ్-బ్రోకర్. అంటే షేర్ల వ్యాపారంలో అట్టడుగు మెట్టు మీద కూర్చున్నవాడు. మద్రాసులో పెద్ద బ్రోకరు ఉంటాడు, పుత్తూరులో రిటైరైన హెడ్మాస్టరు ఉంటాడు. వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా జీవితాంతం గడిపేలా చూడటమే నా ఉద్యోగం. దరఖాస్తులు నింపడం, చిరునామాలు మార్పించడం, సర్టిఫికెట్టు చెదలు తినేసిందని ఏడ్చేవాళ్ళకు కాఫీ తెప్పించడం నా దినచర్య.

మా వృత్తికి ఏడాదికొక పండుగ ఉంది. పేరు ఏజీఎం. కంపెనీ తన వాటాదార్లందర్నీ ఏడాదికోసారి ఒక హాల్లో కూర్చోబెట్టి లెక్కలు వినిపించే సమావేశం. మా ప్రాంతంలో చాలామంది దగ్గర మద్రాసులోని ఒక పైపుల కంపెనీ షేర్లు ఉండేవి. చమురు బావులకు ఇనుప పైపులు చేసే కంపెనీ. మద్రాసంతా తిరుపతికి దర్శనానికి వస్తుంటే, మేము ఏటా ఒకరోజు పొద్దున రైలెక్కి ఎదురు దిశలో వెళ్ళేవాళ్ళం. లెక్కల కోసం కాదు, ప్యాకెట్టు కోసం. ఒక బోండా, గుప్పెడు మిక్స్చరు, ఒక మైసూరుపాకు. దానికోసం చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళను తీసుకెళ్ళినవాణ్ణి నేనే.

ఒక్క షేరున్న మనిషైనా ఏజీఎంలో లేచి ఛైర్మన్‌ను ప్రశ్న అడగొచ్చు. ముందుగా టోకెన్ తీసుకోవాలి, నంబరు పిలిస్తే మైకు దగ్గరికి వెళ్ళాలి. మూడేళ్ళుగా నేను టోకెన్ తీసుకుని ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి. "అధ్యక్షా, మీ పైపులకన్నా మీ మైసూరుపాకు గట్టిగా ఉంది. పైపులు మానేసి దాన్నే ఎగుమతి చేస్తే మాకు డివిడెండు పెరుగుతుంది కదా?" హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వేవాళ్ళు. మూడో ఏడుకు నేను లేవకముందే చప్పట్లు కొట్టే స్థితికి వచ్చింది. తమిళనాడులో నాకు అభిమాన సంఘం పెట్టలేదంటే అది వాళ్ళ ఆలస్యమే.

ఇక మా వృత్తిలోని ఒక పద్ధతి చెప్పాలి. ఏ చట్టంలోనూ ఉండదు, ప్రతి ఏజెంటు బీరువాలోనూ ఉంటుంది. మాటిమాటికి మెట్లెక్కలేని ఖాతాదార్లు ఒకసారి వచ్చినప్పుడే అయిదారు తెల్లకాగితాల కింద సంతకాలు పెట్టి ఇచ్చేసేవాళ్ళు. "ఏం గావాలంటే అది పైన రాసుకోప్పా, మళ్ళీ మళ్ళీ ఈ మెట్లు ఎక్కించొద్దు" అనేవాళ్ళు. చిరునామా మారినా, చెక్కు పోయినా, నేను పైన ఉత్తరం అచ్చుకొట్టి కంపెనీకి పంపేవాణ్ణి. ఆ కాగితాలన్నీ ఒక గులాబీరంగు ఫైల్లో ఉండేవి. అంతమంది ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చిన మనిషి జిల్లాలో నేనొక్కణ్ణేనని గర్వపడేవాణ్ణి.

ఆ ఏడు జూన్‌లో ప్రమీలమ్మ టీచరు మెట్లెక్కి వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. ఏడాది కిందటే ఆమె భర్త సుబ్రహ్మణ్యంగారు పోయారు. ఆయన పేరు మీదున్న షేర్లు ఆమె పేరుకు మార్పించిన కాగితాలన్నీ నేనే నడిపాను. మా భాషలో దాన్ని ట్రాన్స్‌మిషన్ అంటారు, అంటే పోయినవాళ్ళ వాటా ఉన్నవాళ్ళకు చేరడం. ఆమె వెనకాల ఆరున్నర అడుగుల నల్లటి కుర్రవాడు, తలుపు చట్రానికి నెత్తి తగలకుండా వంగి లోపలికొచ్చాడు. వాళ్ళ మేడమీద అద్దెకుండి ఇక్కడే వ్యవసాయశాస్త్రం చదువుకుంటున్నాడట. పేరు ఇద్రీస్.

టీచరు కంపెనీవాళ్ళు పంపిన వార్షిక నివేదిక నా బల్ల మీద పెట్టింది.

"ఏమప్పా మురళీ, ఈ పుస్తకం చదివినావా?"

"అది చదివేదానికా టీచరమ్మా? ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టుకునేదానికి గదా ఇచ్చేది."

"పదమూడో పేజీ తీయ్."

తీశాను. ఆ ఏడు వచ్చిన ఎగుమతి ఆర్డర్ల పట్టిక. ఒక వరుస కింద ఆమె ఎర్ర పెన్సిలుతో గీత గీసింది. సూడాన్.

"మంచి ఆర్డరే కదమ్మా" అన్నాను.

"ఈ అబ్బిది ఆ దేశమే. దార్ఫూర్ అని పడమటి పక్క. ఊర్లకు ఊర్లు కాల్చేస్తా ఉండారు ఆడ. ఒక జాతిని జాతిగానే లేకుండా చేస్తా ఉండారప్పా. ఆ పని చేయించే సర్కారుకి సొమ్ము యాడినుంచి? చమురు నుంచి. ఆ చమురు దేంట్లో పారతాది? మన పైపుల్లో."

వాతావరణం బరువెక్కితే తేలిక చేయడం నా జబ్బు. ఇద్రీస్ వైపు తిరిగి, "ఏమప్పా, మీ ఊళ్ళో చమురు బావి ఉంటే మా స్కూటరుకు ఒక డబ్బా పట్టుకొస్తావా?" అని ఇంగ్లీషులో అడిగాను.

ఆ అబ్బాయి అది జోకని అనుకోలేదు. నిదానంగా జవాబు చెప్పాడు. "మా ఊళ్ళో చమురు లేదండీ. మీ ఊళ్ళలాగే వేరుశెనగ, సజ్జ. చమురు వేరేచోట ఉంది. దాని డబ్బుతో కొన్న విమానం మాత్రం మా ఊరికి వచ్చింది. దాని వెనక గుర్రాలమీద మనుషులు వచ్చారు. మా నాన్న, మా అన్న చేనులోనే ఉండిపోయారు. అమ్మ సరిహద్దు దాటి శిబిరంలో ఉంది. ఆ ఏడు కాయ పీకేవాళ్ళు లేరు."

నాకు ఆ క్షణంలో తోచిన పని మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరపడం.

"ముప్పై ఏళ్ళు పిలకాయల చేత ఆఫ్రికా పటం గీయించినా" అంది టీచరు. "సూడాన్ ఆఫ్రికాలో కల్లా పెద్ద దేశం, నైలునది పారతాది, పచ్చరంగు వేయండి అని చెప్పినా. ఆడ మనుషులుంటారని చెప్పలా. ఇప్పుడు చెప్పాల. అమెరికాలో కాలేజీ పిలకాయలు, గుళ్ళకు పొయ్యేవాళ్ళు ఇట్లే కంపెనీలకు జాబులు రాస్తా ఉండారంట. మేం మీ దాంట్లో వాటాదార్లం, మా సొమ్ముతో ఈ పని జరగగూడదు అని అడుగుతా ఉండారంట. మనకీ వాటా ఉండాది, నోరూ ఉండాది."

"అంత కష్టమెందుకమ్మా, షేర్లు అమ్మేస్తే పోలా?"

"అమ్మితే ఇంకొకడు కొంటాడు. మనకు హాల్లో నోరు పోతాది. పెట్టుకోనే అడగాల."

ఆమె రాసుకొచ్చిన ఉత్తరం ఒక్క పేజీ. ఆ చంపుడు ఆగేవరకు సూడాన్‌కు పైపులు పంపొద్దు. పంపేదయితే ఎవరికి, దేనికి పంపుతున్నారో రాబోయే ఏజీఎంలో వాటాదార్లకు విప్పి చెప్పండి. అంతే. నకలు కేంద్ర ప్రభుత్వానికి. మన ప్రాంతపు వాటాదార్ల చేత సంతకాలు చేయించి పంపాలని ఆమె ఆలోచన. వాటాదార్లు ఎవరెవరో నాకు తెలుసు. అందుకు వచ్చింది నా దగ్గరికి.

"ఎన్ని సంతకాలు కావాలి టీచరమ్మా?"

"ఎన్నొస్తే అన్ని."

"అట్లంటే ఎట్లా? నాకొదిలేయండి. రెండువందలు తెస్తా" అన్నాను. నా నోటికి చిన్న అంకెలు పలకవు.

ఆమె తన జాబితాలోని ఇళ్ళకు తనే బయలుదేరింది. సంచిలో ఒక స్కూలు అట్లాసు, పక్కన ఇద్రీస్. ఆమె పద్ధతి ఒకసారి చంద్రగిరిలో నా కళ్ళారా చూశాను. రిటైరైన పోస్టుమాస్టరు ఇంట్లో అరుగుమీద అట్లాసు పరిచి, మన తిరుపతి ఎక్కడుందో, సముద్రం ఎక్కడుందో, అవతల సూడాన్ ఎక్కడుందో ఆయన వేలు పట్టుకుని చూపించింది. ఉత్తరం తెలుగులో చదివి వినిపించింది. ఆయన ఎదురు ప్రశ్నలు వేశాడు, ఇద్రీస్ జవాబులు చెప్పాడు, ఆమె తెలుగు చేసింది. గంటంబావు. అప్పుడుగానీ పెన్ను ఇవ్వలేదు.

"తెలీకుండా పెట్టిన సంతకం నాకొద్దు మాస్టారూ" అంది.

ఆమె అలా చిత్తూరు, పుత్తూరు, రేణిగుంట ఎర్రబస్సుల్లో తిరుగుతుంటే నేను ఏం చేశాను? ఫ్యాను కింద కూర్చున్నాను. ప్రతి శనివారం ఆమె మెట్ల కింద నిలబడి అడిగేది, నేను పైనుంచి చెప్పేవాణ్ణి. మొదటివారం నలభై అన్నాను. రెండోవారం తొంభై. మూడోవారం నూటయాభై. వాస్తవానికి ఒక్కటీ లేదు. అబద్ధం చెబుతున్నానని కూడా నాకు అనిపించలేదు. ఎప్పుడైనా వెళ్ళి తేవొచ్చు కదా, అంకె మాత్రం ముందుగా చెబుతున్నాను, అంతే.

ఆగస్టు మొదట్లో ఆమె తన కట్ట తెచ్చింది. "నావి నలభై ఒకటయినాయప్పా. ఇద్దరు వద్దన్నారు, ఒకాయన కుక్కను వదిలినాడు. నీవి?"

"రెండువందలు టీచరమ్మా. లోపలుండాయి. రేపు రెండూ కలిపి రిజిస్టర్ పోస్టు చేసేస్తా."

ఆమె మొహం వెలిగిపోయింది. ఇద్రీస్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆ చేతుల్లో నా చెయ్యి పిల్లకాకరకాయంత కనిపించింది.

వాళ్ళు మెట్లు దిగగానే గులాబీ ఫైలు తీశాను. సంతకాలున్న తెల్లకాగితాలు ఒక్కొక్కటే ప్రింటరులో పెట్టి, పైన టీచరు ఉత్తరం అచ్చుకొట్టాను. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకు రెండువందలయ్యాయి. కొన్నింటిలో ఆఖరి వాక్యం సంతకం మీదికి ఎక్కింది. నేను లెక్క చూశానేగానీ పేర్లు చూడలేదు. మొత్తం రెండువందల నలభై ఒక్క ఉత్తరాలు. వాటిలో నా సంతకం మాత్రం లేదు. నాకూ ఆ కంపెనీలో షేర్లున్నాయి. బ్రోకరుగా ఉండి మనం బయటపడటమెందుకని జాగ్రత్తపడ్డాను.

మూడువారాలు గడిచాయి. రిజిస్ట్రార్ నుంచి, అంటే కంపెనీ తరఫున వాటాదార్ల పేర్లూ సంతకాలూ దాచిపెట్టే ఆఫీసు నుంచి, ఉత్తరం పంపినవాళ్ళలో వాటాదార్ల పట్టీలో పేరున్న ప్రతివాళ్ళకీ రిజిస్టర్ పోస్టులో ఒక కాగితం వచ్చింది. ఫలానా ఉత్తరం మీరే రాశారా, అవునో కాదో సంతకం చేసి చెప్పండి అని. షేర్లున్న మనిషికి రిజిస్టర్ పోస్టు వచ్చిందంటే ఇంట్లో పొయ్యి వెలగదు. మరునాటికల్లా నా మెట్లు మూలిగాయి.

మొదట వచ్చినవాడు చిత్తూరు మామిడికాయల మండీ మునస్వామి నాయుడు. నూటపది కిలోల మనిషి. ఆయాసం తగ్గేదాకా కాగితం గాల్లో ఊపుతూ ఉన్నాడు.

"ఏందప్పా ఇది? నేనేందో సూడాన్ గురించి రాసినానంట? సూడాన్ అంటే యాడుండాదో గూడా నాకు తెల్దే! నా షేర్లు ఎవుడన్నా నాకేసినాడా?"

"అబ్బే, షేర్లకేం గాలేదు నాయుడుగారూ."

"మరి నా సంతకం ఆడికెట్లా పోయె?"

ఆ ప్రశ్నకు జవాబు బీరువాలో, ఆయన వీపుకు రెండడుగుల దూరంలో ఉంది. నాకు లైసెన్సు కళ్ళముందు కదిలింది. సంతకాల సంగతి బయటపడితే మెట్లెక్కేవాళ్ళు ఉండరు, నేను దిగాల్సిందే.

"ఎవరో మోసగాళ్ళ పని అయ్యుంటుంది. నేను రాసిస్తా, సంతకం పెట్టండి" అన్నాను.

ఏ ప్రింటరు మీద ఆ ఉత్తరాలు కొట్టానో అదే ప్రింటరు మీద కొట్టాను: 'ఆ ఉత్తరం నేను రాయలేదు. అందులోని విషయంతో నాకు సంబంధం లేదు. దయచేసి పట్టించుకోవద్దు.' నాయుడు సంతకం పెట్టి, చల్లబడి, పోతూ పోతూ అడిగాడు.

"ఇంతకీ ఆడ ఏం జరగతా ఉండాదంటప్పా?"

"ఏవో గొడవలు" అన్నాను.

అట్లాసు పరిచి గంటసేపు చెప్పి ఉంటే ఆ మనిషి సంతకం పెట్టేవాడేమో. అడిగినవాడికి రెండు ముక్కల్లో కొట్టేశాను. వారంరోజుల్లో ఎనభైమందికి పైగా వచ్చారు. అందరికీ అదే కాగితం ఇచ్చాను. ఆ దేశంలో జరిగే దానితో మాకు సంబంధం లేదని మా జిల్లా చేత రాతపూర్వకంగా చెప్పించిన ఘనత నాది.

టీచరుకూ రిజిస్ట్రారు కాగితం వచ్చింది. ఆమె, ఆమె నలభైమందీ 'అవును, మేమే రాశాం' అని రాసి పంపారు. "ఎందుకప్పా అడగతా ఉండారు?" అంటే, "మామూలేనమ్మా, పద్ధతి" అన్నాను.

సెప్టెంబరులో ఏజీఎం. చంద్రగిరి పోస్టుమాస్టరుకు మోకాళ్ళ నొప్పి, రాలేడు. అలాంటప్పుడు తన బదులు ఇంకొకరిని పంపొచ్చు, దాన్ని ప్రాక్సీ అంటారు. ఆయన ఇద్రీస్‌కు ప్రాక్సీ రాసిచ్చాడు. నేనే ఆ ఫారం నింపి అతనికి రూలు చెప్పాను. ప్రాక్సీగా వచ్చినవాడు హాల్లో కూర్చోవచ్చు, చీటీమీద ఓటు వేయొచ్చు, మాట్లాడటానికి మాత్రం హక్కులేదు.

"మాట్లాడకపోయినా ఫరవాలేదు" అన్నాడు ఇద్రీస్. "అమ్మగారు మాట్లాడుతుంటే నన్ను చూస్తారు కదా. అది చాలు."

రైల్లో టీచరు ఉత్తరాన్ని పదిసార్లు చదువుకుంది. ఇద్రీస్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, నలుగుతుందని ఆనుకోకుండా మద్రాసుదాకా నిటారుగా కూర్చున్నాడు. నేను అతని మనసు తేలికపరుద్దామని నా మైసూరుపాకు కథంతా అభినయించి చెప్పాను. అతను మర్యాదగా నవ్వాడు. "మీరు మాట్లాడితే వాళ్ళందరూ వింటారన్నమాట" అన్నాడు.

హాలు నిండింది. టీచరుకు పదమూడో టోకెన్, నాకు పధ్నాలుగు. ఛైర్మన్ లెక్కలు చదివాడు. వాటాదార్లు ఒక్కొక్కరే లేచి పుస్తకం అట్ట బాగుందన్నారు, హాల్లో ఏసీ ఎక్కువైందన్నారు. పదమూడు పిలిచారు.

ప్రమీలమ్మ టీచరు కళ్ళద్దాలు సర్దుకుని, క్లాసులో పాఠం చెప్పినట్టే, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పింది. ఊళ్ళు ఎలా కాలుతున్నాయో, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో, మన పైపు ఎక్కడ ఉందో. "మేము రెండువందల నలభై ఒక్కమందిమి ఉత్తరం రాశాం. జవాబు చెప్పండి" అంది. హాల్లో మిక్స్చరు ప్యాకెట్ల చప్పుడు ఆగిపోయింది. ముందు వరసలో ఒకాయన తిరిగి ఇద్రీస్‌ను చూశాడు. ఆయన్ను చూసి ఇంకొకరు చూశారు. ఒక్క నిమిషం పాటు, నా అతిశయోక్తులన్నీ పక్కనబెట్టి చెబుతున్నాను, ఆ హాలు నిజంగా విన్నది.

ఛైర్మన్ పక్కకు వంగాడు. కంపెనీ సెక్రటరీ ఒక ఫైలుతో లేచాడు.

"మేడం, మీ ఉత్తరాలను మేము ఆషామాషీగా తీసుకోలేదు. రాసినవాళ్ళను విచారించాం. ఎనభైమందికి పైగా ఆ ఉత్తరం తాము రాయనేలేదని సంతకం చేసి చెప్పారు. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఉదాహరణకు ఒకటి చెబుతాను. టి. సుబ్రహ్మణ్యం, తిరుపతి. ఈయన ఆగస్టులో ఉత్తరం రాశారు. మా రికార్డు ప్రకారం ఈయన చనిపోయి ఏడాది దాటింది. ఈయన షేర్లు భార్య పేరు మీదికి మారాయి."

ఆ భార్య మైకు ముందే ఉందని ఆయనకు తెలియదు.

హాల్లో గుసగుసలు. ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరు మైకు కడ్డీ పట్టుకుంది. వెనక్కి తిరగలేదు, నన్ను వెతకలేదు. వెతకాల్సిన పనిలేదు. పోవడానికి ముందు, షేర్ల పనులకుంటాయని మంచం మీదున్న సుబ్రహ్మణ్యంగారు కాగితాలకింద వణుకుతూ సంతకాలు పెడుతుంటే, కాగితం కదలకుండా పట్టుకుంది ఆమే. అవి ఎవరి దగ్గరున్నాయో ఆమెకు తెలుసు.

"నా దగ్గరున్న నలభై ఒకటి నిజం సార్" అంది. "ప్రతి ఇంటికీ నేను వెళ్ళాను."

"మీ మాట కాదనడం లేదు మేడం. కానీ ఏది నిజమో ఏది కాదో మేము ఎలా తేల్చుకోవాలి?" అన్నాడు సెక్రటరీ. అందులో వెటకారం లేదు. అదే బాధ.

ఇద్రీస్ లేచి నిలబడ్డాడు. "సర్, దయచేసి..." అనేలోపు బ్యాడ్జి పెట్టుకున్న వాలంటీరు వచ్చి, ప్రాక్సీలు మాట్లాడకూడదని చెవిలో చెప్పాడు. ఇద్రీస్ కూర్చోలేదు. నావైపు తిరిగాడు. అతని మొహంలో కోపం లేదు. ఆశ ఉంది. నేను మాట్లాడితే వాళ్ళందరూ వింటారని నేనే కదా నమ్మించాను.

"టోకెన్ పధ్నాలుగు" అన్నారు.

లేచాను. ఏం చెప్పాలో నాకు స్పష్టంగా తెలుసు. ఆ రెండువందలు నేను చేసినవి, ఈమెకు తెలియదు, ఆ నలభై ఒకటి నిజమైనవి. మూడు వాక్యాలు. మైకు దగ్గరికి వెళ్ళేదాకా అవి నా నోట్లోనే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి వెనక వరసలవాళ్ళు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. చప్పట్లు పడ్డాయి. ఛైర్మన్ కూడా ఊపిరి పీల్చుకుని చిరునవ్వుతో ముందుకు వంగాడు.

"అధ్యక్షా" అన్నాను. "మీ పైపులకన్నా మీ మైసూరుపాకు గట్టిగా ఉంది. పైపులు మానేసి దాన్నే ఎగుమతి చేస్తే..."

తరువాతి మాట నాకే వినపడలేదు. అంత నవ్వారు.

"మంచి సలహా, తప్పకుండా ఆలోచిస్తాం" అన్నాడు ఛైర్మన్. మళ్ళీ నవ్వారు. పదిహేనో టోకెన్ పిలిచారు. సూడాన్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తిరుగు రైల్లో ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. అరక్కోణం దాటింది. ఇద్రీస్ తన ప్యాకెట్టు విప్పలేదు. దాన్ని నా ఒళ్ళో పెట్టి, టీచరు ఇంట్లో నేర్చుకున్న తెలుగులో, "మీరు తినండి. మీకు ఇష్టం కదా" అన్నాడు. ఎత్తిపొడుపు అనుకుంటే నాకు తేలికయ్యేది. కాదు. నిజంగానే ఇచ్చాడు.

పుత్తూరు వచ్చాక టీచరు కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"ఆయన సంతకం కాగితాలు ఇంకా ఉండాయా నీకాడ?"

"రెండుండాయి టీచరమ్మా."

"ఇచ్చెయ్."

మరునాడు ఆమె మెట్లెక్కి వచ్చింది. ఆ రెండు తెల్లకాగితాలూ తీసి ఇచ్చాను. అడుగున వంకరగా సుబ్రహ్మణ్యంగారి సంతకం, పైనంతా ఖాళీ. ఆమె వాటిని అట్లాసు మధ్యలో పెట్టుకుంది.

"ఆయనుంటే నిజంగానే పెట్టుండునప్పా" అంది. "అడిగుంటే నేనే చెప్తా ఉంటి. లెక్క నింపేదానికి నువ్వు అడక్కుండా తీసుకున్నావే, అదే..."

ఆ వారమే గులాబీ ఫైలు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి కాగితాలు ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చాను. జరిగింది చెప్పాను. కొందరు తిట్టారు. మునస్వామి నాయుడు తిట్టలేదు. "ఆ పొద్దు నేను అడిగితే నువ్వు సరిగ్గా చెప్పలేదేమప్పా?" అన్నాడు. నాకు అదే ఎక్కువ తగిలింది. కంపెనీకి కూడా నా పేరుతో ఒప్పుకోలు ఉత్తరం రాశాను, నలభై ఒకటి నిజమైనవని రాశాను. అందినట్టు ఒక కార్డు వచ్చింది. ఆర్డరు అప్పటికే ఓడెక్కింది. ఆ నలభై ఒక్కమంది మాట విని ఉంటే పైపులు ఆగేవని చెప్పలేను. ఒకచోట ఒక హాల్లో ఒకరికి జవాబు చెప్పాల్సిన అవసరం వచ్చి ఉండేది. దాన్ని నేను నవ్వులో ముంచేశాను.

ఇద్రీస్ చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. శిబిరం దగ్గర ఏదో సంస్థలో పనిచేస్తున్నాడని టీచరు చెప్పింది. మరుసటి ఏడు ఆమె మళ్ళీ అట్లాసు సంచిలో వేసుకుని బయలుదేరింది. నా మెట్ల కింద ఆగితే నేనే దిగివెళ్ళాను.

"టీచరమ్మా, ఈసారి నాదీ రాసుకోండి. సూడాన్ యాడుండాదో చూపిస్తా, ఆడ ఏం జరగతా ఉండాదో చెప్తా, అన్నీ అడగండి" అన్నాను.

ఆమె నన్ను నిదానంగా చూసింది. కోపం లేదు. వాయిదా వేయలేని లెక్క తేలుస్తున్నట్టు ఉంది మొహం.

"నీ సంతకం వద్దప్పా మురళీ. అది ఉంటే మిగిలినవీ నమ్మరు."

సంచి భుజానికెత్తుకుని రేణిగుంట బస్సు కోసం వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఏ ఖాతాదారు చేతా ఖాళీ కాగితం మీద సంతకం చేయించలేదు, ఏజీఎంకు టోకెన్ తీసుకోలేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది, ఒక మనిషి సంతకం ఆ మనిషి సమయంతో వస్తుందని. సమయం ఇవ్వకుండా తెచ్చిన సంతకం తానూ నిలబడదు, పక్కదాన్ని కూడా పడగొడుతుంది. ఒకరి చావుబతుకులు దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు దాన్ని పెద్దదిగా కనపడేలా చేయడం సాయం కాదు.

పైన నేను రాసినవాటిలో సవరించాల్సినవి ఉన్నాయి. మా మెట్లు నూట ఎనిమిది కాదు, ఇరవై రెండు. నాయుడు నూటపది కిలోలు ఉండడు. ఇద్రీస్ ఆరడుగులకు కాస్త ఎక్కువ, అంతే. మైసూరుపాకు మెత్తగానే ఉండేది.

నలభై ఒకటి మాత్రం నలభై ఒకటే.